అంబలి తాగే కుక్క, అంబలి వద్దన్న పిల్లి

అరకు దగ్గరి డుంబ్రిగూడ దాటి కొండ మీదికి నడిస్తే వచ్చే ఒక చిన్న ఊళ్ళో, మార్గశిరం చలిలో, ఒక ఇంటి అరుగు మీద కూర్చుని చోడి అంబలి తాగాను. సొరకాయ బుర్రతో అంబలి పోసిన ముసలమ్మ ముందు నాకిచ్చి, తర్వాత మనవడికిచ్చి, కుండ అడుగున మిగిలింది అరుగు కింది రాతి గుంటలో ఒంపింది. అప్పటిదాకా నిద్రపోతున్నట్టు పడుకున్న గోధుమరంగు కుక్క ఒక్క అంగలో వచ్చి గుంటను తళతళలాడేలా నాకేసింది. పొయ్యి పక్కన వెచ్చగా ముడుచుకున్న పిల్లి కూడా లేచి వచ్చింది. గుంట వాసన చూసి, మీసాలు విదిలించుకుని, వచ్చిన దారినే పోయింది.

"దానికి అంబలొద్దు బాబూ. ఎండు సేప ముక్క కనబడితేనే మూతెడతాది" అంది ముసలమ్మ.

ఆమెకు అది రోజూ కనిపించే సంగతి. కానీ కుక్క ఎందుకు తాగింది, పిల్లి ఎందుకు వద్దంది అని అడిగితే, జవాబు ఆ రెండు జంతువులు మనిషి గడపలోకి వచ్చిన తీరు దాకా పోతుంది.

కుక్క సంగతి ముందు చూద్దాం. చోళ్ళలో నూటికి 70 పాళ్ళకు పైగా కార్బోహైడ్రేట్లే, అందులో ఎక్కువ భాగం పిండి. పిండిని చక్కెరగా విడగొడితే తప్ప ఒంటికి పట్టదు. ఆ పని చేసే ఎంజైము అమైలేజ్. మనకది ఉమ్మిలోనే ఉంటుంది. ఉత్త అన్నం కాసేపు నమిలితే నాలుకకు తీపి తగిలేది అందుకే. కుక్క ఉమ్మిలో అది పని చేయదు. కుక్కకు అమైలేజ్ క్లోమంలో తయారవుతుంది. దానికి కావలసిన సమాచారం ఏఎంవై2బి అనే జన్యువులో ఉంటుంది. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఆక్సెల్సన్ బృందం కుక్కల జన్యువులను తోడేళ్ళ జన్యువులతో పోల్చి చూసింది. తోడేలులో ఈ జన్యువు ప్రతులు 2 మాత్రమే ఉన్నాయి. కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. ప్రతులు పెరిగిన కొద్దీ ఎంజైము పెరుగుతుంది, ఎంజైము పెరిగిన కొద్దీ అంబలి అరుగుతుంది.

ఇది ఒక్కరోజులో జరిగిన మార్పు కాదు. మనిషి వేట మీద బతికిన రోజుల్లో కుక్కకు దొరికింది ఎముకలూ పేగులూ. సేద్యం మొదలయ్యాక దొరికింది గంజి, అంబలి, మాడు. ఆ తిండి అరిగిన కుక్కపిల్లలు బతికాయి, వాటి పిల్లలు ఇంకా బాగా బతికాయి. ఐరోపాలోని తొలి రైతుల ఊళ్ళ తవ్వకాల్లో దొరికిన కుక్కల ఎముకల నుంచి తీసిన డీఎన్ఏలో, సుమారు 7,000 ఏళ్ళ నాటికే ఈ జన్యువు ప్రతులు పెరిగి కనిపించాయి. సేద్యం ఎరుగని ఆస్ట్రేలియా డింగోల్లో మాత్రం ఇప్పటికీ తోడేళ్ళలాగే 2 ప్రతులే. ఏ ఊరి కుక్క అయినా సరే, దాని పొట్టలో ఆ ఊరి పంట చరిత్ర ఉంటుంది. తూర్పు కనుమల్లో పోడు మీద చోళ్ళూ సామలూ పండించిన మనిషి వెనకాలే, ఆ తిండికి సరిపడే కుక్క కూడా నడిచి వచ్చింది.

పిల్లి కథ వేరు. పిల్లికి తీపి తెలియదు. ఇది మాటవరసకు అంటున్నది కాదు. తీపిని గుర్తించడానికి నాలుక మీద రెండు ప్రోటీన్లు జతకట్టి పనిచేయాలి. వాటిలో ఒకదాన్ని తయారుచేసే జన్యువులో పిల్లిజాతికి 247 అక్షరాలు ఎగిరిపోయాయి. 2005లో అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. పులికీ ఇదే లోపం. పిల్లి పొట్టలో అమైలేజ్ తక్కువ. దాని కళ్ళకూ గుండెకూ కావలసిన టారిన్ అనే పదార్థాన్ని తన ఒళ్ళు చాలినంత తయారుచేసుకోలేదు, మాంసంలో నుంచే అందాలి. టారిన్ లేని తిండి మీద పెంచిన పిల్లులకు కంటిలోని రెటీనా దెబ్బతింటుందని 1975 నాటికే తేలింది. అంటే అంబలి మీద బతకమంటే పిల్లి మెల్లగా గుడ్డిదవుతుంది. అది వాసన చూసి వెనక్కి పోవడంలో పొగరేమీ లేదు.

మరి అంబలి తాగని జంతువు అంబలి ఇంట్లో ఎందుకుంది? గాదె కోసం. వెదురు తడికతో అల్లి పేడ మెత్తిన గాదెలో చోళ్ళు పోస్తే ముందుగా కబురందేది ఎలుకకు, చుంచుకు, పందికొక్కుకు. వాటి కబురు పిల్లికందుతుంది. పశ్చిమాసియాలో గోధుమా బార్లీ నిలవ పెట్టిన తొలి ఊళ్ళలో జరిగిందీ ఇదే. ఈనాటి ఇంటిపిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో తిరిగే ఒకే రకం అడవిపిల్లి సంతతి అని 2007లో వచ్చిన జన్యు అధ్యయనం చూపించింది. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ళ కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టారు. ఆ దీవికి అడవిపిల్లులు వాటంతట అవి చేరే దారి లేదు. ఎవరో పడవలో వెంట తీసుకెళ్ళారు.

కుక్కలాగా పిల్లి తన ఒళ్ళు మార్చుకోలేదు. అడవిపిల్లికీ ఇంటిపిల్లికీ జన్యువుల్లో తేడా చాలా తక్కువ. మన తిండి దానికి అక్కర్లేదు, మన తిండి కోసం వచ్చేవాళ్ళు కావాలి. ఒకే గింజ చుట్టూ రెండు ఒప్పందాలు కుదిరాయి. గింజను కుక్క మనతో పంచుకుంది. పిల్లి మాత్రం దాన్ని కాపలా కాసింది, అదీ తన ఆకలి కోసం.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు" అని మైదానంలో మనం అనే సామెత ఈ కొండల్లో అతకదు. ఇక్కడి చాలా తెగలకు ఆవుపాలు పితికే అలవాటు లేదు. పాలు దూడవి, మనిషివి కావు అన్నది వారి పాత పద్ధతి. ఆవును దున్నడానికి, ఎరువుకు, పండుగకు పెంచుతారు. కాబట్టి కొండపిల్లి పాలు ఎరగకుండానే పెరుగుతుంది. దానివల్ల నష్టమేమీ లేదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజు అరగదు, తాగితే విరేచనాలవుతాయి. ప్రేమగా గిన్నెడు పాలు పోసే మన పట్నం ఇళ్ళకన్నా, ఎలుకనూ చేపముక్కనూ వదిలేసే కొండ ఇల్లే పిల్లి ఒంటికి మంచిది.

కుక్క అయితే సేద్యానికి ఎంతో ముందు నుంచే మనతో ఉంది. జర్మనీలో బాన్ దగ్గర ఒబర్‌కాసెల్ అనే చోట 1914లో రాళ్ళు తవ్వుతుంటే సుమారు 14,000 ఏళ్ళ నాటి సమాధి బయటపడింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్ళతో ఒక కుక్కపిల్ల. వందేళ్ళ తర్వాత దాని పళ్ళను పరీక్షించిన పరిశోధకులకు ఎనామెల్ మీద గీతలు కనిపించాయి. డిస్టెంపర్ అనే జబ్బుతో అది అయిదో నెల ప్రాంతంలో పదే పదే మంచాన పడిందని ఆ గీతలు చెప్పాయి. ఎవరో ఒకరు ఒళ్ళు తుడిచి, వెచ్చగా ఉంచి, నోటికి అందించకపోతే అన్ని వారాలు బతికే జబ్బు కాదది. అంత జబ్బుపిల్ల వేటకు పనికిరాదు. అయినా సాకారు. కుక్క మనిషికి పనికొచ్చింది కాబట్టే పెంచాడని రాసే పుస్తకాలు చదివినప్పుడల్లా నాకు ఆ పిల్ల పళ్ళు గుర్తొస్తాయి.

మన దేశంలో కాశ్మీర్‌లోని బూర్జహోమ్ కొత్తరాతి యుగపు ఊళ్ళోనూ మనుషులతో పాటు కుక్కలను పాతిపెట్టారు. అక్కడ దొరికిన ఒక రాతిపలక మీద జింకను వేటాడుతున్న ఇద్దరు మనుషులను, వెంట ఒక కుక్కను చెక్కారు. ఇక మన భాషల సాక్ష్యం ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1950లలో అరకు ప్రాంతానికి వచ్చి కొండదొరలు మాట్లాడే కూబి భాషను అధ్యయనం చేశారు. ఆ గ్రంథం 1969లో వెలువడింది. తర్వాత ఆయన ద్రావిడ భాషలన్నిటినీ పోల్చి, వాటి మూలభాష మాట్లాడినవాళ్ళ జీవితం ఎలాంటిదో మాటల్లో నుంచి తవ్వి తీశారు. ఆ మూలభాషలో కుక్కకు మాట ఉంది. తమిళుల నాయ్, కన్నడిగుల నాయి, ఈ కొండల కూబి, కువి భాషల్లోని కుక్క పేర్లు ఆ ఒక్క వేరు నుంచే చిగురించాయి. తెలుగువాళ్ళం మనమే ఆ మాటను మరిచి కుక్క అన్నాం. పిల్లికీ మూలభాషలో మాట ఉంది.

చైత్రంలో అరకు దారిలో వెళ్ళినవాళ్ళకు ఇటుకల పండుగ తెలిసే ఉంటుంది. ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడో కర్రో పట్టుకుని, పాడుతూ, వచ్చేపోయే బండ్లను ఆపి చందా అడుగుతారు. విత్తనాలకు పూజ చేసే పండుగ ఇది, వేట పండుగ కూడా. వెనకటి రోజుల్లో మగవాళ్ళు విల్లంబులతో, కుక్కలతో అడవికి పోయేవారు. ఏమీ కొట్టకుండా ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆట పట్టించేవారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరమైంది, పండుగలో ఆట మిగిలింది. కుక్కకు మాత్రం పని పోలేదు. పోడు చేను గింజ పట్టే వేళకు అడవిపంది, ఎలుగు, కోతి అన్నీ దిగుతాయి. మంచె మీద మనిషి కునుకు తీసినా, కింద పడుకున్న కుక్క చెవి నిద్రపోదు. వాసనలను పట్టే జన్యువులు మనిషిలో దాదాపు 400 పనిచేస్తే కుక్కలో అంతకు రెట్టింపు పనిచేస్తాయి. చీకట్లో పంది ఏ గట్టున ఉందో మంచె మీది మనిషి కుక్క మొరిగే తీరును బట్టి చెప్పగలడు. అందుకు కుక్క చెల్లించే ధర కూడా ఉంది. చిరుత ఊరి అంచుకు వస్తే ముందు మాయమయ్యేది అదే.

మధ్యభారతంలోని కోర్కూ ఆదివాసీలు చెప్పుకునే ఒక పుట్టుక కథను రస్సెల్, హీరాలాల్ అనే రచయితలు 1916లో అచ్చు వేశారు. మహాదేవుడు పుట్టమన్నుతో ఇద్దరు మనుషుల బొమ్మలు చేశాడట. వెంటనే గుర్రాలు వచ్చి తొక్కి పాడుచేశాయట. మళ్ళీ చేస్తే మళ్ళీ తొక్కాయట. అప్పుడాయన ఒక కుక్కను చేసి బొమ్మలకు కాపలా పెట్టాడు, అది మొరిగి గుర్రాలను తరిమింది. మనిషికి ప్రాణం పోయకముందే కుక్క కాపలా ఉందన్న మాట. కోర్కూ భాష ముండా కుటుంబానిది. ఇక్కడి గదబలలో కొందరు మాట్లాడే గుతోబ్, శ్రీకాకుళం కొండల సవర కూడా ఆ కుటుంబానివే. కాలాల లెక్కలో కథ తప్పు. మనిషి ముందు, కుక్క తర్వాత. కానీ మన ఊరు, మన చేను, మన గింజ అన్నవాటికి ముందు కుక్క ఉందన్నది నిజం. ఆ నిజాన్ని కథ పట్టుకుంది.

అరకు సంతలో పేర్లు అడిగి చూడండి. కిల్లో, పాంగి, వంతల, కొర్రా, గొల్లోరి. ఇవన్నీ వంశాల పేర్లు. పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము, గొల్లోరి అంటే కోతి, కొర్రా అంటే సూర్యుడు. కిల్లో అంటే పులి. కిల్లో వాళ్ళకు పులి తమ వంశపు ప్రాణి, దాన్ని చంపకూడదు. పొయ్యి పక్కన పడుకున్న పిల్లిని ఆ వంశపు ప్రాణికి దూరపు చుట్టం అనవచ్చు. 2013లో పులి జన్యువుల క్రమం పూర్తిగా చదివినప్పుడు, అది ఇంటిపిల్లి క్రమంతో 95.6 శాతం సరిపోయింది. పిల్లి పులికి అన్ని విద్యలూ నేర్పి చెట్టెక్కడం ఒక్కటీ దాచుకుందన్న కథ మన పిల్లలందరికీ తెలుసు. ఆ కథ చెప్పినవాళ్ళకు జన్యువులు తెలియవు. చూపు, నడక, పొంచి దూకే పద్ధతి చూసి బంధుత్వం కట్టారు.

చూపుతో కట్టిన బంధుత్వం ఒక్కోసారి తప్పుతుంది కూడా. కాఫీ తోటల్లో పండిన కాయలు ఏరి తిని, గింజలను పెంటలో వదిలిపోయే మానుపిల్లి పిల్లి కాదు. తిరుమలలో స్వామికి పూసే తైలానికి పేరిచ్చిన పునుగుపిల్లీ పిల్లి కాదు. ఇవి వేరే కుటుంబం. అయితే కుక్కలకన్నా పిల్లులకే దగ్గర. మాంసాహార జంతువుల చెట్టు చాలా పాతకాలంలో, 4 కోట్ల ఏళ్ళకు ముందే, రెండు కొమ్మలుగా చీలింది. ఒక కొమ్మన కుక్క, తోడేలు, ఎలుగు ఉన్నాయి. రెండో కొమ్మన పిల్లి, పునుగు, ముంగిస ఉన్నాయి. కుక్కలా కనిపించే హైనా కూడా పిల్లి కొమ్మదే.

ఈ కనుమల్లో మరో రెండు జంతువులున్నాయి. వాటిని చూస్తే మన ఇంటి రెండింటి విలువ తెలుస్తుంది. ఒకటి రేచుకుక్క. మందగా తిరుగుతుంది, ఈల వేసినట్టు అరుస్తుంది. ఊరకుక్కకు 42 పళ్ళుంటే దీనికి 40. ఎంత కుక్కలా ఉన్నా అది వేరే ప్రజాతి, మనిషి నిప్పు దగ్గరికి ఎన్నడూ రాలేదు. రెండోది చిరుతలా మచ్చలుండే చిన్న అడవిపిల్లి. చైనాలో 5,300 ఏళ్ళ కిందటి ఒక రైతుల ఊళ్ళో పిల్లి ఎముకలు దొరికితే, ఇంటిపిల్లి అక్కడ కూడా విడిగా పుట్టిందని అనుకున్నారు. 2016లో ఎముకలను సూక్ష్మంగా కొలిచి చూస్తే అవి ఈ మచ్చల పిల్లివని తేలింది. అంటే మన కొండల్లో తిరిగే ఈ జాతే ఒకప్పుడు గాదె దాకా వచ్చి, కొంతకాలం ఉండి, మళ్ళీ అడవికి వెళ్ళిపోయింది. దగ్గరికి వచ్చినవన్నీ నిలిచిపోలేదు. నిలిచినవాటి బంధం ఎంత అరుదైనదో ఈ రెండూ చెబుతాయి.

గొలుసు లేని, జాతి పేరు లేని, ఏ ఒక్క ఇంటికీ పూర్తిగా కట్టుబడని కుక్కను మనం వీధికుక్క అని చిన్నచూపు చూస్తాం. "కుక్క బతుకు" అని తిట్టుకుంటాం. ప్రపంచంలోని కుక్కల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. కుక్క అసలు బతుకు ఇదే, బొచ్చుకుక్కల పెంపకం నిన్నటి మాట. కోల్‌కతా దగ్గరి ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం ఏళ్ళ తరబడి ఈ కుక్కలను వీధుల్లోనే పరిశీలించింది. మాంసం వాసన తగిలిన దాన్ని ముందు తినాలన్న ఒక చిన్న సూత్రంతో కుక్క చెత్తలోనూ తిండి ఏరుకుంటుందని వాళ్ళు చూపించారు. ఎవరూ నేర్పకపోయినా కొత్త మనిషి వేలు చూపిన దిక్కుకు వెళ్ళి వెతుకుతుందని కూడా చూపించారు. వాళ్ళదే మరో లెక్క మనసును కలచివేస్తుంది. 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లలను గమనిస్తే ఏడో నెల దాకా బతికినవి నూటికి సుమారు 19. చావుల్లో నూటికి 63 మనిషి వల్లనే: బండ్ల కింద పడి, దెబ్బలు తిని, విషం తిని. అది బెంగాల్ లెక్క. కొండ ఊళ్ళో బండ్లు తక్కువ. ఇక్కడ కుక్కపిల్లలను తీసుకుపోయేది డిస్టెంపర్, పార్వో వంటి జబ్బులు. ఒబర్‌కాసెల్ పిల్లను పట్టిన జబ్బుకు ఇవాళ టీకా ఉంది. అది కొండెక్కడం అరుదు.

ఇక్కడితో ఆపేస్తే అధ్యాయం అందంగానే ఉండేది. కానీ రేబిస్ గురించి చెప్పకుండా కుక్క గురించి రాయడం నాకు తప్పు అనిపిస్తుంది.

రేబిస్ వైరస్ పిచ్చిపట్టిన కుక్క చొంగలో ఉంటుంది. కాటు వేసిన చోట కండలోకి దిగి, నరాన్ని పట్టుకుని మెదడు వైపు పాకుతుంది. రక్తంలో పోదు, నరం వెంట పోతుంది, అందుకే ఆలస్యం. సాధారణంగా రెండు మూడు నెలలు. ఆ వ్యవధే మనకున్న అవకాశం. మెదడు చేరి లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనితో చనిపోతున్నారని అంచనా. వాళ్ళలో పిల్లలు ఎక్కువ. పిల్లి కాటుతోనూ, గీరుతోనూ రావచ్చు.

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అన్నారు పెద్దలు. నిజానికి కుక్కకాటుకు మొదటి మందు సబ్బు. ఈ వైరస్ పైపొర కొవ్వుతో చేసినది, సబ్బు నురగకు అది చిట్లిపోతుంది. పారే నీళ్ళ కింద 15 నిమిషాలు గాయం కడిగితే చాలా వైరస్ అక్కడే చస్తుంది. కొండల్లో ప్రతి ఊరికీ ఊటనీళ్ళున్నాయి, ప్రతి దుకాణంలో సబ్బుబిళ్ళ ఉంది. కారం, సున్నం, కాఫీ పొడి అద్దడం మాత్రం వైరస్‌కు దారి చూపడమే. తర్వాత టీకా. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం ఇంకా పోలేదు. అది గొర్రె మెదడుతో చేసిన పాత మందు; మన దేశంలో దాన్ని ఆపేసి 20 ఏళ్ళు దాటింది. ఇప్పటి టీకా చేతికే వేస్తారు. కాటుపడిన రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు చొప్పున చర్మంలోకి కొద్ది కొద్దిగా. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ అనే మందు కూడా ఎక్కించాలి.

కాగితం మీద నాలుగు రోజులు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు లేని ఊరి నుంచి నాలుగుసార్లు ఆసుపత్రికి దిగి ఎక్కడమంటే నాలుగు రోజుల కూలి, నాలుగుసార్లు చార్జీలు. మూడో సూదికి నొప్పి తగ్గిపోయి ఉంటుంది, నాలుగో సూదికి ఎవరూ దిగరు. దీన్ని నిర్లక్ష్యం అనేవాళ్ళు ఆ దారి ఒకసారి నడిచి చూడాలి. అందుకే మనిషికి వేసే టీకాకన్నా కుక్కకు వేసే టీకా ముఖ్యం. ఊళ్ళోని కుక్కల్లో నూటికి 70కి వేస్తే వైరస్‌కు పాకడానికి దారి దొరకదు, గొలుసు తెగుతుంది. గోవా అదే చేసి 2021లో రేబిస్ నియంత్రిత ప్రాంతమైంది.

టీకా చల్లగా ఉండాలి కదా, కరెంటు నిలవని కొండ మీద ఎలా అంటారు. టాంజానియాలో ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. కుక్కలకు వేసే ఒక రకం రేబిస్ టీకాను 25 డిగ్రీల్లో ఆరు నెలలు, 30 డిగ్రీల్లో మూడు నెలలు ఉంచి వేసినా అది సరిగానే పనిచేసిందని 2016లో ప్రచురించారు. తర్వాత మట్టితో చేసిన, నీళ్ళ చెమ్మతో చల్లబడే పాత్రల్లో దాన్ని ఊళ్ళలోనే నిలవ ఉంచారు. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. మట్టికుండలో నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

కుక్కలను పట్టుకోవడమెలా అన్నది మిగిలిన ప్రశ్న. వలలూ ఉచ్చులూ పట్టుకుని కొత్త మనుషులు పగటిపూట ఊళ్ళోకి దిగితే ఒక్కటీ దొరకదు. కొన్ని చేల మీద, కొన్ని పశువుల వెంట, కొన్ని సంత దారిలో ఉంటాయి. కానీ పొద్దున్నే, మంచు విడవకముందు, కుండ అడుగు గరిటెతో గీకిన చప్పుడుకు ప్రతి కుక్కా తన గుంట ముందుకు వచ్చి నిలబడుతుంది. ఆ ముసలమ్మ చెయ్యి వీపు మీద పడితే గోధుమరంగు కుక్క కదలకుండా తాగుతుంది. సూది వేసేవాళ్ళు ఆ వేళకు కొండెక్కి ఉండాలి.